3,000 గంటల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

పోయిన ఏడాది మా స్నేహితురాలి అమ్మగారిని ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. బాబాయిగారు పోయాక ఆవిడ ఒక్కరే ఉండలేక ఇక్కడికి, టెక్సస్‌కి, కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చి మూడు నెలలైనా సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు, ఎవరు పలకరించినా "ఒంట్లో నలతగా ఉందమ్మా" అనే మాట తప్ప ఇంకో మాట లేదు. డాక్టరుగారు రక్త పరీక్షలన్నీ చేయించి, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి, కౌన్సెలర్‌ని కలవమని రాసిచ్చారు. కూతురికి ఆ రోజు ఆఫీసులో కుదరక నేను వెంట వెళ్ళాను.

ఆ కౌన్సెలర్ మంచి మనిషి, ఆ అమ్మాయిని అనడానికి ఏమీ లేదు. తెలుగు రాదు కాబట్టి ఫోన్‌లో అనువాదకురాలిని పిలిచి, స్పీకర్ పెట్టి, ఫోన్ బల్ల మీద ఉంచింది. అవతలి గొంతు వార్తలు చదివినట్టు అడిగింది: "మీకు ఆత్మహత్యకు సంబంధించిన ఆలోచనలు ఏమైనా కలుగుతున్నాయా?" పిన్నిగారు నా వైపు చూసి "ఛఛ, అవేం మాటలు" అన్నారు. కంప్యూటర్‌లో "లేవు" అని పడింది. గంట అయిపోయింది, బయటికి వచ్చేశాం. కారెక్కి సీటు బెల్టు లాక్కుంటూ, కిటికీలోంచి బయటికే చూస్తూ ఆవిడ అన్నారు, "అమ్మాయ్, రాత్రి పడుకున్నదాన్ని పొద్దున లేవకుండా ఉంటే ఎంత బావుండు అనిపిస్తుంది నాకు. ఆవిడ అడిగింది దీని గురించేనా?"

ఇంజన్ ఆపేసి, చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను. చెప్పాల్సింది చెప్పాం, ఆ రోజుకి చెయ్యాల్సిన ఏర్పాట్లన్నీ చేశారు, ఇప్పుడు ఆవిడ బాగున్నారు. కానీ ఆ కారులో ఆవిడ నోరు తెరవకపోయి ఉంటే అన్నది నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ తర్వాత తెలుగు వచ్చిన కౌన్సెలర్ కోసం ఇన్సూరెన్స్ లిస్టు మొత్తం వెతికితే ఇద్దరు దొరికారు. ఒకరు కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు, ఇంకొకరి దగ్గర పదకొండు వారాల వెయిట్‌లిస్ట్.

మన తెలుగు సంఘం మానసిక ఆరోగ్యం మీద ఏమీ చెయ్యడం లేదని నేను అనను. అవగాహన సదస్సులు పెడుతున్నాం, వాటిలో రెండు నేనే దగ్గరుండి జరిపించాను. "సిగ్గుపడకండి, సాయం అడగండి" అని మైకులో చెప్పాం. అయిపోయాక ఒక తండ్రి పక్కకి పిలిచి "సరేనండీ, అడుగుతాను. ఎవరిని అడగాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడే మనం దారి తప్పుతున్నామని నా అభిప్రాయం. జనం అడగడానికి మొహమాటపడుతున్నారన్నది నిజమే కానీ, అడిగినప్పుడు పలికే మనిషి లేకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ఆ మనిషిని తయారుచెయ్యడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ప్రభుత్వం పెట్టాలి, పెట్టమని మనం గట్టిగా అడగాలి.

అమెరికాలో మానసిక వైద్యులు తగినంతమంది లేరని ప్రభుత్వమే గుర్తించిన ప్రాంతాల్లో 12 కోట్ల మందికి పైగా ఉంటున్నారు. ఆ గుర్తింపుకి కొలబద్ద ఏమిటో తెలుసా? మామూలుగా 30,000 మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేకపోతే కొరత ఉన్నట్టు. అంటే 29,000 మందికి ఒకరుంటే చాలు, ఆ లెక్కలో కొరత లేనట్టే! మన టెక్సస్‌లో 254 కౌంటీలుంటే అందులో ఎక్కువ భాగం ఈ జాబితాలోనే ఉన్నాయి. స్కూళ్ళ సంగతికొస్తే, 250 మంది పిల్లలకి ఒక కౌన్సెలర్ ఉండాలని స్కూల్ కౌన్సెలర్ల జాతీయ సంఘం చెబుతుంది. 2023-24లో దేశం మొత్తం సగటు 376 మందికి ఒకరు. ఆ ఒక్కరే క్లాసుల షెడ్యూళ్ళు చూడాలి, కాలేజీ అప్లికేషన్లకి ఉత్తరాలు రాయాలి, మధ్యలో బాత్రూంలో కూర్చుని ఏడుస్తున్న పిల్లని కూడా కనిపెట్టాలి.

2022 జులైలో, చచ్చిపోవాలనిపించేంత కష్టంలో ఉన్నవాళ్ళు సాయం కోసం ఫోన్ చేసే 988 నంబరు మొదలైంది. అది మంచి పని, ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోవాల్సిన నంబరు. ఫోన్ చేస్తే 240కి పైగా భాషల్లో అనువాదకులని కలుపుతారు. అయితే టెక్స్ట్, చాట్ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ మాత్రమే. ఆ రాత్రి గండం గట్టెక్కించడానికి ఆ నంబరు పనికొస్తుంది. మర్నాడు ఉదయం, ఆ పై వారం, ఆ పై ఆరు నెలలు కూర్చుని మాట్లాడాల్సింది మాత్రం మన ఊళ్ళో ఉన్న మనిషే.

ఆ మనిషి ఎలా తయారవుతుందో మనలో చాలామందికి తెలియదు, నాకూ మా బంధువుల అమ్మాయి ఈ చదువులో చేరేదాకా తెలియదు. ముందు మాస్టర్స్ చెయ్యాలి. అందులో భాగంగా చాలా కోర్సుల్లో క్లినిక్‌లలో 700 గంటలు పనిచెయ్యాలి, చాలా చోట్ల దానికి జీతం ఉండదు సరికదా, ఆ గంటలకి కూడా ఫీజు కట్టేది వీళ్ళే. డిగ్రీ చేతికొచ్చాక పరీక్ష రాస్తే టెక్సస్‌లో ముందు అసోసియేట్ లైసెన్స్ ఇస్తారు. దాని మీద ఇంకో 3,000 గంటలు, కనీసం ఏడాదిన్నర, ఒక సూపర్‌వైజర్ కింద పనిచేస్తే గానీ పూర్తి లైసెన్స్ రాదు. ఆ సూపర్‌వైజర్‌కి చాలామంది సొంత జేబులోంచే నెల నెలా కట్టుకుంటారు. ఈ దశలో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు వీళ్ళ పేరు మీద బిల్లు తీసుకోవు, కాబట్టి జీతం అంతంత మాత్రమే. ఇవన్నీ తట్టుకుని నిలబడేది ఎవరు? వెనక అమ్మానాన్నల డబ్బో, సంపాదించే భర్తో ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు మధ్యలోనే వేరే ఉద్యోగం చూసుకుంటారు. ఆ మిగతావాళ్ళలోనే మన భాష, ఇంకో పది భాషలు వచ్చిన పిల్లలున్నారు.

పైగా 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి పీజీ చదువులకి ఫెడరల్ అప్పుల మీద పరిమితులు పెట్టారు. మెడిసిన్, లా లాంటి వాటికి ఏడాదికి 50,000 డాలర్ల దాకా అప్పు ఇస్తారు, కౌన్సెలింగ్, సోషల్ వర్క్ మాత్రం ఆ జాబితాలో లేవు, వాటికి 20,500 దగ్గర ఆపేశారు. జనం ఇంత అవస్థ పడుతున్న సమయంలో తీసుకోవాల్సిన నిర్ణయమేనా ఇది?

"మా పన్నుల డబ్బుతో వాళ్ళకి ట్రైనింగ్ ఎందుకు? గిరాకీ ఉంటే వాళ్ళే వస్తారు" అని మన ఐటీ మిత్రులు అంటుంటారు. గౌరవంగానే ఒక మాట అడుగుతాను. మన సంఘాల వేదికల మీద ముందు వరసలో కూర్చునే డాక్టర్లు రెసిడెన్సీ, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో చేసే శిక్షణ, ఎవరి డబ్బుతో చేశారు? ఈ దేశంలో రెసిడెన్సీ శిక్షణ ఖర్చులో పెద్ద భాగం మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది, అంటే పన్నుల డబ్బే. మంచి పనే జరిగింది, మన డాక్టర్లు ఈ దేశంలో ఎన్నో చిన్న ఊళ్ళని నిలబెట్టారు. డాక్టర్ తయారీకి ప్రజల డబ్బు పెట్టడం సబబైనప్పుడు కౌన్సెలర్ తయారీకి పెట్టడం ఎందుకు దండగ అవుతుంది? ఆ రెసిడెన్సీ సీట్లకి కూడా 1997 చట్టం ఒక పరిమితి పెట్టేసింది, చాలా ఆస్పత్రులు దాదాపు 1996 నాటి లెక్క దగ్గరే ఉండిపోయాయి. 2022 చివర్లో చేసిన చట్టంలో కొత్తగా 200 సీట్లు ఇస్తే, అందులో కనీసం 100 సైకియాట్రీకన్నారు. దేశం మొత్తానికి వంద! గిరాకీ మాటకొస్తే, పదకొండు వారాల వెయిట్‌లిస్ట్ కంటే గిరాకీ ఇంకేం ఉంటుంది.

కట్టడాలు కట్టి మనుషుల్ని మర్చిపోవడం ఈ దేశానికి కొత్త కాదు. 1963 అక్టోబర్‌లో కెనెడీ ఒక చట్టం మీద సంతకం పెట్టారు, పెద్ద పెద్ద మానసిక ఆస్పత్రులకి బదులు ఊరూరా 1,500 కేంద్రాలు పెడదామని ఆలోచన. ముందు భవనాలకే డబ్బిచ్చారు, అందులో పనిచేసేవాళ్ళ జీతాలకి డబ్బు 1965లో గానీ రాలేదు. 1981లో ఆ సొమ్ము తగ్గించి, రాష్ట్రాల చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. చివరికి అనుకున్న కేంద్రాల్లో సగమే లేచాయి. ఆస్పత్రులు మాత్రం ఖాళీ అయిపోయాయి, అందులోంచి వచ్చినవాళ్ళు ఎంతోమంది వీధుల్లో, జైళ్ళలో తేలారు.

ఇంకో ఉదాహరణ నిన్న మొన్నటిదే. 2022లో టెక్సస్‌లోని ఉవాల్డేలో స్కూల్లో పసిపిల్లల్ని కాల్చి చంపాక, రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టంలో స్కూళ్ళకి కౌన్సెలర్లని తయారుచేసి నియమించడానికి వంద కోట్ల డాలర్లు కేటాయించారు. యూనివర్సిటీలు స్టైపెండ్లు మొదలుపెట్టాయి, స్కూళ్ళు మనుషుల్ని తీసుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో విద్యాశాఖ, ఈ గ్రాంట్లు ఇక కొనసాగించం అని ఉత్తరాలు పంపింది. 16 రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి. కోర్టు సంగతి అలా ఉంచితే, రెండేళ్ళ కోర్సులో సగంలో ఉన్న పిల్లకి వచ్చే సెమిస్టర్ స్టైపెండ్ వస్తుందో రాదో తెలియని పరిస్థితి ఎలాంటిదో ఆలోచించండి. ఒక కౌన్సెలర్ తయారవడానికి నాలుగైదేళ్ళు పడుతుంటే, ఏడాదికోసారి మనసు మార్చుకునే డబ్బుతో ఆ పని సాగదు.

టెక్సస్‌ని నేను చాలా విషయాల్లో తప్పుపడతాను కానీ ఇందులో ఒక మంచి పని చేసింది. శాంటా ఫే స్కూల్లో కాల్పుల తర్వాత, 2019లో శాసనసభ పిల్లల మానసిక ఆరోగ్యానికి మెడికల్ కాలేజీలని కలిపి ఒక వ్యవస్థ పెట్టింది. స్కూల్ సిఫారసు చేస్తే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, పిల్లలకి వీడియోలో ఉచితంగా థెరపీ సెషన్లు ఇస్తారు. పిల్లల డాక్టర్ ఫోన్ చేస్తే సైకియాట్రిస్ట్ లైన్లోకి వచ్చి సలహా ఇచ్చే ఏర్పాటుంది. అదే డబ్బుతో పిల్లల సైకియాట్రిస్టుల శిక్షణ సీట్లు కూడా పెంచారు. స్కూలు పిల్లలకిచ్చే ఆ వీడియో థెరపీని టీచాట్ (TCHATT) అంటారు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఇందులో ఉందో లేదో రేపే అడిగి తెలుసుకోండి. నేను అడిగిన తెలుగు తల్లుల్లో ఒక్కరు కూడా దీని పేరు వినలేదు.

భాష గురించి ఇంకో మాట. కొరత ప్రాంతంలో రెండేళ్ళు పనిచేసే థెరపిస్టులకి నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే ఫెడరల్ ప్రభుత్వ పథకం చదువు అప్పులో 50,000 డాలర్ల దాకా తీర్చి పెడుతుంది. స్పానిష్ మాట్లాడగలిగితే ఇంకో 5,000 దాకా కలుపుతుంది. చాలా సరైన పని. మరి మిగతా భాషలు? 2010 నుంచి 2017 దాకా అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు, పెద్ద భాషల్లో అంత వేగం ఇంక దేనికీ లేదు. ఈ పథకానికి అమెరికా పౌరసత్వం ఉండాలి, అంటే మన తరంలో చాలామందికి పనికిరాదు కానీ ఇక్కడ పుట్టిన మన పిల్లలకి పనికొస్తుంది. ఇంట్లో అమ్మమ్మతో తెలుగు మాట్లాడి పెరిగిన పిల్ల, ఇక్కడి స్కూల్లో నలుగురిలో ఒక్కతిగా నిలబడిన పిల్ల, ఆ పిల్లకంటే ఈ పని ఇంకెవరికి బాగా వస్తుంది చెప్పండి.

మన ఉగాదికి, దీపావళికి స్థానిక నాయకులు వస్తారు. శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, వెళ్ళిపోతారు. ఆ శాలువాతో పాటు ఒక కాగితం కూడా చేతిలో పెడదాం. కౌన్సెలింగ్ విద్యార్థుల క్లినిక్ గంటలకి స్టైపెండ్ ఇవ్వమని, సూపర్‌విజన్ ఖర్చు రాష్ట్రం పెట్టుకోమని, భాషకిచ్చే అదనపు సొమ్ము తెలుగు లాంటి భాషలకీ ఇవ్వమని ఒక పేజీలో రాస్తే చాలు. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరిలో మొదలై 140 రోజులే కూర్చుంటుంది, అంతకు ముందు నవంబర్‌లోనే బిల్లులు పెట్టడం మొదలవుతుంది. కాబట్టి ఆ ఏడాది మన ఉగాది దాకా ఆగితే సగం సమావేశాలు అయిపోయినట్టే, ముందు దీపావళికే అడగాలి. సంఘం తరఫున ఆ కాగితం రాసే బాధ్యత నేను తీసుకుంటాను, సంతకాలకి మీ ఇంటికి వస్తాను.

మా బంధువుల అమ్మాయి ఇప్పుడు ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో అసోసియేట్. "ఇంత చదివి ఈ జీతమా" అని మా వాళ్ళు ఇప్పటికీ అంటూనే ఉంటారు, తను నవ్వి ఊరుకుంటుంది. వారంలో రెండు సాయంత్రాలు తెలుగువాళ్ళకని విడిగా పెట్టుకుంది, అవెప్పుడూ నిండే ఉంటాయి. ప్రతి రాత్రి ఆ రోజు గంటలు ఫోన్‌లో రాసుకుంటుంది. మొన్న ఆదివారం అడిగితే 1,140 అయ్యాయి పెద్దమ్మా, ఇంకా 1,860 ఉన్నాయి అంది.