చి.ల.సౌ. జాకెట్టు ముక్కకు ఓ అమ్మ కృతజ్ఞతలు

చి.ల.సౌ. జాకెట్టు ముక్కను ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి.

సౌభాగ్యవతి అని రాశాను గానీ, నీ ఒంటి మీద ఇంతవరకు కత్తెర పడింది లేదు, సూది దిగింది లేదు. లెక్కప్రకారం నువ్వింకా కుమారివే. అయినా ఇన్ని గడపలు తొక్కొచ్చిన దానివి, ఆ మాత్రం మర్యాద ఇవ్వకపోతే బాగుండదు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయీ కోడలూ హైదరాబాదు నుంచి వచ్చారు. అబ్బాయికి ఉద్యోగం పోయి నాలుగు నెలలు. మాకు చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? ఏటా కారులో దిగేవాళ్లు ఈసారి ఆర్టీసీ బస్సు దిగి, సంచులు మోసుకుంటూ సందు మలుపు తిరిగారు. "కారు సర్వీసింగుకి ఇచ్చాడట" అన్నారు మా ఆయన. "అవునట" అన్నాను. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఇద్దరం ఒకే అబద్ధాన్ని నమ్మినట్టు నటించడం అదే మొదలు.

పండగ పొద్దున కోడలు నాకు బొట్టు పెట్టి, పళ్లెంలో తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, వాటి కింద నిన్నూ ఉంచి ఇచ్చి, కాళ్లకు దణ్ణం పెట్టింది. "ఈసారి చీర తేలేకపోయాం అత్తయ్యా" అంది. వంకాయ రంగులో నిగనిగలాడుతున్నావు. "రంగెంత బావుందే! ఎక్కడ కొన్నావు?" అనేశాను. అలవాటు కొద్దీ వచ్చే మాట. "షాపులో" అని తల దించుకుంది. అప్పుడు మడత తిప్పి చూశాను. మూలన పసుపు మరక, అందులో బొటనవేలి గీతలు. నావే. రెండేళ్ల కిందట శ్రావణ శుక్రవారం నాడు హడావిడిలో చెయ్యి కడుక్కోకుండా నిన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది నేనే. కోడలు చెప్పిన షాపు మా బీరువాలో మూడో అర.

అంతకుముందు సంక్రాంతికి మావాడు తెచ్చిన కానుక ఎయిర్ ఫ్రయర్. నూనె లేకుండా గారెలొస్తాయన్నాడు. వచ్చాయి. చిల్లు ఎలాగూ ఉంది కదా అని ఎండబెట్టి ఉంటే ఆ ఏటి భోగిపిడకల దండలో కలిసిపోయేవి. ఆ పెట్టె ఇప్పుడు అటక మీద నిద్రపోతోంది. దాని వాయిదాలు మాత్రం నిద్రపోలేదని మొన్న వాడి ఫోను మోగిన తీరు చూస్తే అర్థమైంది. నీకు వాయిదాల్లేవు. ఛార్జింగు అక్కర్లేదు. నీ తరఫున ఎవరూ ఫోను చేసి "సార్, ఈ నెల కట్టలేదు" అనరు.

నీ నిలకడ నాకు కొత్త కాదులే. 2016 నవంబరు 8 రాత్రి అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. కార్తీక మాసం, ఆరు రోజుల్లో పౌర్ణమి. పోపుల డబ్బాలో నేను దాచిన నోట్లకు విలువ పోయింది, ఆయన ముందు నా పరువూ పోయింది. నువ్వు మాత్రం చెల్లావు. ఆ పౌర్ణమికి పేరంటాళ్లందరికీ నీ అక్కచెల్లెళ్లే దిక్కయ్యారు. 2020లో మాస్కులు దొరక్క నీ తోబుట్టువులు ముగ్గుర్ని నా చేత్తో నేనే కత్తిరించాను. పాపం, కత్తెర ముఖం చూసిన అదృష్టవంతులు వాళ్లే.

2015లో పది గ్రాములు పాతిక వేల చిల్లరకు వచ్చిన బంగారం, 2025 ఏప్రిల్‌లో లక్ష ముట్టుకుంది. నువ్వు? బెజవాడ వన్‌టౌన్ వస్త్రలతలో డజను లెక్కన కట్ట కట్టించుకుంటే ఇప్పటికీ ఆడదాని చేతిసంచిలో ఉండే డబ్బుకే వస్తావు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక గుడ్డ మీద 5 శాతం వేశారు. అదీ కొన్నప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత నువ్వు ఇరవై ఇళ్లు తిరిగినా ఢిల్లీకి పైసా ముట్టదు. ఈ సంగతి ఆర్థిక మంత్రి గారి చెవిన పడకుండా పేరంటాళ్లందరం నోరు కుట్టుకుని కూర్చున్నాం.

పిల్లలు తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు కోడలికి బొట్టు పెట్టి, సున్నుండల డబ్బాతో పాటు నీ చెల్లెలు ఆకుపచ్చదాన్ని ఇచ్చాను. దాని మడతలో ఏం పెట్టానో పక్కనే ఉన్నావు, చూశావు. ఆయనకి చెప్పకు. సూర్యాపేట దాటాక అనుకుంటా ఆ పిల్ల ఫోను చేసింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అత్తయ్యా, ఆకుపచ్చది చాలా బావుంది, ఎక్కడ కొన్నారు?" అంది.

"షాపులో" అన్నాను.

నిన్ను మాత్రం ఇంక ఎవరికీ ఇవ్వకూడదనుకుని మర్నాడు టైలరు దగ్గరికి తీసుకెళ్లాను. అతను నిన్ను టేపుతో కొలిచి, అద్దాల పైనుంచి నన్ను కొలిచి, "ఎనభై సెంటీమీటర్లమ్మా. చేతులు రావు" అన్నాడు. చేతుల్లేకుండా కుట్టమనే వయసా నాది? చీటీ మీద మీటరు అని ఉందిగా అన్నాను. "చీటీకేం, అమ్మేవాడు రాస్తాడు. కుట్టేవాడు కదా ఏడవాలి" అని మడిచి ఇచ్చేశాడు. గంటకి పది ముక్కలు చూస్తాడు, అతని కోపం న్యాయమైనదే.

కాబట్టి ప్రస్తుతానికి మూడో అరలోనే ఉండు. ఎల్లుండి పైవాటా వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, దానికి నారింజ రంగుదాన్ని పంపుతున్నాను. నువ్వు కంగారు పడకు. శ్రావణానికి కోడలు వస్తానంది.

మరక ఉన్న వైపు లోపలికి మడిచి పెట్టాను, కదలకు.

ఇట్లు,
మీ అత్తగారు