58 సీసీ, 22 ఇంచుల బార్ ఉంటే చాలు అనే మెసేజ్ నమ్మి చైన్ సా కొనకండి

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, కట్టెలు కోసుకోడానికి ఏ చైన్ సా మిషన్ కొనాలో చెప్పే మెసేజ్. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. సీసీ ఎంత ఎక్కువుంటే కోత అంత స్పీడు, కాబట్టి 58 సీసీ మిషన్ 22 ఇంచుల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పొడుగు రేకు) ఆన్‌లైన్‌లో చవగ్గా తీసుకోండి, కంపెనీ మిషన్లకి పేరు కోసమే డబ్బు పెట్టాలి, చైన్ అరిగితే కొత్తది వేసుకోండి సాన పెట్టడం టైం వేస్ట్, పెట్రోల్లో ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే ఇంజన్ అన్నాళ్ళు వస్తుంది, చైన్‌కి బండిలోంచి తీసిన పాత ఆయిల్ చాలు, కరెంటు మిషన్లు బొమ్మలు, ముందున్న బ్రేక్ అడ్డం కాబట్టి పీకేయండి. ఇదీ సంగతి. ఇందులో ఒక్క మాటలో మాత్రం కొంచెం నిజం ఉంది, అది కూడా చెప్తాను, మిగతావన్నీ డబ్బుకో ఒంటికో నష్టం తెచ్చేవే.

ముందు సీసీ సంగతి. సీసీ అంటే సిలిండర్లో పిస్టన్ కదిలే జాగా ఎంతో చెప్పే కొలత, బలం ఎంతో చెప్పే కొలత కాదు. స్టిల్ ఎంఎస్ 261 చూడండి, 50.2 సీసీ, 3 కిలోవాట్లు ఇస్తుంది. హుస్క్‌వర్నా 450 కూడా 50.2 సీసీనే, ఇచ్చేది 2.4 కిలోవాట్లు. సీసీలో పాయింటు కూడా తేడా లేదు, బలంలో మాత్రం రెండోదాని కంటే మొదటిదానికి పాతిక శాతం ఎక్కువ. రెండూ పేరున్న కంపెనీలే, డిజైన్ వేరు, రేటు వేరు, అంతే. అందుకని కొనేటప్పుడు చూడాల్సింది కిలోవాట్లు, మిషన్ బరువు.

పైగా ఆ 58 అనే నంబరు మీదే నాకు నమ్మకం లేదు. ఈ చవక మిషన్లకి విడి భాగాలు అమ్మే షాపులో అడిగి చూడండి, 52 సీసీ మిషన్‌కి ఇచ్చే పిస్టన్ 45 మిల్లీమీటర్లు, 58 సీసీ మిషన్‌కి ఇచ్చేది 45.2, క్రాంక్ (పిస్టన్‌ని పైకీ కిందికీ ఆడించే ఇరుసు) మాత్రం రెంటికీ ఒకటే అని ఇస్తారు. క్రాంక్ ఒకటే అయితే పిస్టన్ కదిలే దూరం ఒకటే, ఇక పిస్టన్ వెడల్పులో 0.2 మిల్లీమీటర్ల తేడాకి సీసీ ఎంత పెరుగుతుంది? లెక్క వేసుకోండి, ఒక్క శాతం కూడా రాదు, అంటే అర సీసీ. మరి మిగతా ఐదున్నర సీసీ ఎక్కడుంది? స్టిక్కర్ మీద ఉంది. ఆ స్టిక్కర్ చూసే మనవాళ్ళు ఎక్కువ డబ్బు పెడుతున్నారు, అదీ నా బాధ.

22 ఇంచుల బార్ దగ్గరికొద్దాం. ఇంట్లో పొయ్యికి గానీ ఇటుక బట్టీకి గానీ మనం కోసేదేంటి, సర్కారు తుమ్మ, సుబాబుల్, సరుగుడు, జామాయిల్, ఎప్పుడన్నా పడిపోయిన వేపో ముసలి మామిడో. వీటిలో చాలావరకు తొడంత లావు కూడా ఉండవు. 16 ఇంచుల బార్ హాయిగా సరిపోతుంది, పెద్ద దుంగలు తరచూ తగిలేవాళ్ళకి 18. ఇంకా లావు మొద్దు వస్తే ఈ పక్క నుంచి సగం, ఆ పక్క నుంచి సగం కోసుకోవచ్చు, బార్ పొడవుకి దాదాపు రెట్టింపు లావు దాకా అలా లాగించేయొచ్చు. 22 ఇంచుల బార్ చైన్‌కి మామూలుగా 86 లింకులు, 18 ఇంచులదానికి 72, కోసే పళ్ళు అందులో సగం, అంటే 43కి 36. ప్రతిసారీ ఏడు పళ్ళు ఎక్కువ సాన పెట్టాలి, ఆయిల్ ఎక్కువ తాగుతుంది, ముందు బరువుగా ఉండి సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా బార్ కొస ఎక్కడ తగులుతోందో కనపడదు. కట్టెల కుప్పలో కొస ఇంకో దుంగకి తగిలితే ఏమవుద్దో చివర్లో చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం, ఆ మెసేజ్‌లో టైం వేస్ట్ అన్నారే, సాన. నన్నడిగితే మిషన్ మంచిదా కాదా అనేది సగానికి సగం ఇక్కడే తేలిపోద్ది. కర్రని కోసేది ఇంజన్ కాదు, పళ్ళు. ఇప్పుడు అన్ని మిషన్లకీ వచ్చే ఈ కొక్కెం లాంటి పన్ను ఎలా పుట్టిందంటే, 1946లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి మోడులో ఉన్న ఒక పురుగు లార్వాని గమనించాడు, అది దవడలతో అటూ ఇటూ చెక్కుతూ నిలువు కర్రనీ అడ్డ కర్రనీ ఒకేలా తినేసుకుంటూ పోతోంది, దాన్ని చూసి ఆ రకంగా కుడికీ ఎడమకీ చెక్కే పళ్ళతో చైన్ చేశాడు. అంతకుముందు చైన్లు మామూలు రంపం పళ్ళలాగా గీరేవి. ఆ చెక్కే అంచు పోతే ఎన్ని సీసీలున్నా గీరడమే మిగులుద్ది.

చైన్ ఎలా ఉందో తెలుసుకోడానికి పొట్టు చూడండి చాలు. పేళ్ళు పేళ్ళుగా రాలితే పదునుంది, పిండిలాగా రాలితే పోయింది. మీరు మిషన్‌ని కిందికి నొక్కి కోయాల్సొస్తోందంటే కూడా పోయినట్టే. ఒక మట్టి దెబ్బకే పదును పోద్ది, సర్కారు తుమ్మ బెరడుకి మొదలు దగ్గర మట్టి, ఇసుక అంటుకునే ఉంటాయి, చేవ దేరి ఎండిపోయిన తుమ్మ అయితే ఇంకా గట్టి. అలా పదును పోయినప్పుడల్లా కొత్త చైన్ వేసుకుంటూ పోతే మిషన్ రేటు కంటే చైన్ల రేటు ఎక్కువైపోద్ది. అదే గుండ్రటి ఆకురాయి ఒకటి కొనుక్కుంటే, చైన్ సైజుని బట్టి, త్రీ బై ఎయిట్ ‘లో ప్రొఫైల్’ చైన్‌కి 4 మిల్లీమీటర్లది, పాయింట్ 325 చైన్‌కి 4.8ది, ఎక్కువ చైన్లకి 30 డిగ్రీల వాలులో ఒక్కో పన్నుకి రెండు మూడు సార్లు లోపల్నుంచి బయటికి తోస్తే పని అయిపోద్ది, వెనక్కి రుద్దకూడదు. ట్యాంకు పెట్రోలు పోసినప్పుడల్లా చేస్తే పది నిమిషాల పని. పన్ను ముందు ఒక చిన్న బుడిపె ఉంటుంది చూడండి, పన్ను కర్రలోకి ఎంత లోతు దిగాలో అది చెప్తుంది, నాలుగైదు సాన్ల తర్వాత దాన్ని కూడా చదును ఆకురాయితో కొంచెం తగ్గించాలి, పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుంటే సరి. చాలామంది ఇది తెలియక చైన్ పాడైంది అని పారేస్తున్నారు. కొనేటప్పుడు పన్ను మూల పదునుగా కోసినట్టుండే ఫుల్ చిసెల్ కాకుండా, మూల కొంచెం గుండ్రంగా ఉండే సెమీ చిసెల్ చైన్ అడగండి, మట్టి కర్రకి, గట్టి కర్రకి అదే ఎక్కువసేపు పదును నిలుపుకుంటుంది.

కంపెనీ మిషన్లకి పేరు కోసమే డబ్బు అన్నదాంట్లో ఆ కొంచెం నిజం ఉంది. రేటులో తేడా చాలా ఉంది, చవక మిషన్ల స్పేర్లు చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి, ఏడాదికి రెండు మూడు సార్లు కొమ్మలు కోసుకునేవాళ్ళు అది తీసుకున్నా నేను తప్పు పట్టను. కానీ రోజూ కోసి అడితికి తోలేవాళ్ళకి లెక్క వేరు. మంచి మిషన్లో హ్యాండిల్‌కీ ఇంజన్‌కీ మధ్య స్ప్రింగులో రబ్బర్లో సరిగ్గా పెట్టి వణుకు తగ్గిస్తారు. ఆ వణుకు ఏళ్ళ తరబడి చేతుల్లోకి పోతే వేళ్ళు తెల్లబడి స్పర్శ పోతుంది, రక్తనాళాలకీ నరాలకీ వచ్చే జబ్బు అది, పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం. దాన్ని పేరుకి పెట్టే డబ్బు అనడం అన్యాయం. రోజువారీ పనికి నా సలహా 45 నుంచి 50 సీసీ, 2.3 కిలోవాట్లకి తగ్గకుండా, ఐదు కిలోల లోపు, మీ ఊరికి దగ్గర్లో రిపేరు చేసేవాళ్ళున్న కంపెనీది, ఏ కంపెనీ అయినా సరే.

ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజన్ ఎక్కువ కాలం వస్తుందనేది పూర్తిగా తప్పు. ఆయిల్ పెరిగితే కార్బొరేటర్లో ఉండే అదే జెట్ (పెట్రోలు వచ్చే సన్న బెజ్జం) లోంచి పెట్రోలు తగ్గుద్ది, ఇంజన్ ఇంకా వేడెక్కుద్ది, ప్లగ్గు నల్లబడుద్ది, సైలెన్సర్లో మసి పేరుకుంటుంది. మాన్యువల్లో 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40, టూటీ (2T) ఆయిల్ మాత్రమే, మోటార్ సైకిల్ ఇంజన్ ఆయిల్ కాదు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమ పీల్చుకుని నీళ్ళతో కలిసి అడుక్కి దిగితే ఆ అడుగు నీళ్ళలో ఆయిల్ ఉండదు, ఇంజన్ దాన్ని లాగితే పిస్టన్ పట్టేస్తుంది, కార్బొరేటర్లో రబ్బరు పొర కూడా గట్టిపడిపోద్ది. వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, పని అయిపోతే ట్యాంకు ఖాళీ చేసి ఆగిపోయేదాకా తిప్పి పక్కన పెట్టండి.

బండిలోంచి తీసిన పాత ఆయిల్ చైన్‌కి పోయడం మన దగ్గర అందరూ చేసే పనే, కానీ ఆపాలి. అందులో ఇనుప రజను ఉంటుంది, ఆయిల్ పంపునీ బార్‌నీ తినేస్తుంది, అది పక్కన పెట్టినా చైన్ తిరిగేటప్పుడు ఆ ఆయిల్ తుంపర్లుగా మీ చేతుల మీద, మొహం మీద పడుతుంది, మీ ఆడవాళ్ళు పొయ్యిలో పెట్టే కట్టెకి అంటుకుంటుంది. వాడేసిన ఆయిల్ చర్మానికి మళ్ళీ మళ్ళీ తగిలితే చర్మ క్యాన్సర్ రావచ్చని స్టిల్ మాన్యువల్లోనే హెచ్చరిక ఉంటుంది. బార్ ఆయిల్ దొరక్కపోతే కనీసం కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి.

కరెంటు మిషన్ బొమ్మ కాదు. పెరట్లో, కరెంటు దగ్గర్లో ఉండి వంటకి కట్టెలు ముక్కలు చేసుకునేవాళ్ళకి 2000 వాట్ల మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పొగ లేదు, పెట్రోలు కలిపే గొడవ లేదు, చైన్ ఆయిల్ మాత్రం దానిక్కూడా పోయాలి. సన్న వైరుతో పొడుగ్గా లాగితే వోల్టేజి పడిపోయి మోటారు కాలుద్ది, అదొక్కటి చూసుకోవాలి. చేలో పనికి మాత్రం పెట్రోల్ మిషనే.

ఇక బ్రేక్ పీకేయమన్న మాట. అది రాసినవాళ్ళకి ఎంత ప్రమాదమో తెలిసి ఉండదనే అనుకుంటున్నా. బార్ కొస పైభాగం దేనికన్నా తగిలిందంటే చైన్ ఆ దెబ్బకి బార్‌ని పైకీ వెనక్కీ మీ మొహం వైపు, మెడ వైపు తంతుంది, రెప్పపాటు కూడా పట్టదు, మీరు చూసి చెయ్యి తీసేంత టైం ఉండదు. ఆ క్షణంలో ఎడమ చెయ్యి మణికట్టు తగిలో, ఆ కుదుపుకి దానంతటదో చైన్‌ని ఆపేది ఆ ముందున్న బ్రేకే. కొనేముందు షాపులోనే స్టార్ట్ చేయించి, కింద గట్టి నేల మీద పెట్టి రేజ్ చేసి బ్రేక్ ముందుకి తోయించి చూడండి, చైన్ టక్కున ఆగాలి, ఆగకపోతే ఆ మిషన్ ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. కోసేటప్పుడు లుంగీ చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, కళ్ళకి అద్దాలు, చెవులకి మఫ్ పెట్టుకోండి, చైన్ సా మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. దుంగని కాలితో తొక్కిపట్టి కోయకండి, నాలుగు కర్రలు అడ్డంగా కొట్టి ఒక స్టాండ్ చేసుకుని దాని మీద పెట్టి కోయండి. భుజం కంటే ఎత్తులో ఉన్న కొమ్మని మిషన్ ఎత్తి కోయొద్దు.