తప్పుకు సున్నా చుట్టే కళ

ఎక్సెల్ గడిలో ఎర్రర్ కనబడటం సభ్యత కాదు. ఈ మాట ఇంత విడమరచి చెప్పవలసి రావడం చూస్తేనే మన వృత్తి ఎంత దిగజారిందో తెలుస్తుంది. పదిమంది కూర్చున్న సమావేశంలో, తెర మీద పొందికగా పేర్చిన అంకెల నడుమ, ఒక '#ఎన్/ఏ' తల ఎగరేసి నిలబడుతుంది. పాపం, అది చెప్పేది చిన్న సంగతే: మీరు అడిగింది నా దగ్గర లేదు. నిజమే కావచ్చు. కానీ నిజం చెప్పడానికి అదా సమయం?

ఎన్నో ఏళ్లుగా రిపోర్టులు తయారుచేస్తున్నవాడిగా చెబుతున్నాను, రిపోర్టు పరువు నిలిపేది లెక్కలు కావు, ఫార్ములాలో తప్పు వస్తే దాని బదులు మనం చెప్పింది చూపించే ఇఫ్ఎర్రర్. ఎక్సెల్ 2007తో ఈ ఫంక్షన్ మనకు దక్కింది. అంతకుముందు ఇఫ్, ఈజ్ఎర్రర్ రెండూ జోడించి, ఒకే ఫార్ములాను రెండుసార్లు రాసి మరీ తప్పు దాచుకోవలసి వచ్చేది. ఆ తరం పడ్డ పాట్లు ఇప్పటి పిల్లలకు తెలియవు. ఇప్పుడైతే ఫార్ములా ముందు ఇఫ్ఎర్రర్ తగిలించి, చివర ఒక కామా, ఒక సున్నా పెడితే సరి. మసిపూసి మారేడుకాయ చేయడానికి ఇంత తక్కువ మసితో పని జరిగే చోటు మరొకటి లేదు.

పైగా దానిది సమదృష్టి. 2013లో ఇఫ్ఎన్ఏ అని ఒకటి వచ్చింది. అది '#ఎన్/ఏ' ఒక్కదాన్నే పట్టుకుంటుంది, మిగతా తప్పులను యథాతథంగా బయటికి వదిలేస్తుంది. సంకుచిత స్వభావం. ఇఫ్ఎర్రర్‌కు అలాంటి వివక్ష లేదు. వెతికిన పేరు దొరక్కపోయినా, సున్నాతో భాగించినా, ఎవరో నిలువు వరసను తొలగించి ఫార్ములాను అనాథను చేసినా, ఆఖరికి ఫంక్షన్ పేరే తప్పు రాసినా అన్నిటికీ ఒకటే జవాబు. ఒకసారి, పట్టికలో వెతికి విలువ తెచ్చే వీలుకప్ ఫంక్షన్ పేరులో నేను ఒక అక్షరం మింగేశాను. లోపల ఎక్సెల్ '#నేమ్?' అని గింజుకుంది. బయటికి మాత్రం సున్నా వచ్చింది. ఆ వరస పొడుగునా సున్నాలే. అది ఫిర్యాదుల వరస కావడం నా అదృష్టం. ఏడు నెలల పాటు ఒక్క ఫిర్యాదూ లేదని పైవాళ్లు మురిసిపోయారు.

సున్నాకు ఉన్న మరో శక్తిని జనం సరిగా గుర్తించలేదు. నాలుగు విభాగాల్లో మూడింటి నుంచి 40, 50, 60 అని అంకెలు వచ్చాయి, నాలుగోవాళ్లు ఫైలు పంపలేదు అనుకుందాం. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే సగటు 50. అదే గడిలో సున్నా పెడితే 37.5. ఏవరేజ్ ఫంక్షన్ ఖాళీ గడిని పట్టించుకోదు, సున్నాను మాత్రం గౌరవంగా లెక్కలో చేర్చుకుంటుంది. ఫైలు పంపనివాడి బద్ధకాన్ని పంపిన ముగ్గురి నెత్తిన సమానంగా రుద్దామన్నమాట. తిలాపాపం తలా పిడికెడు అంటే సామెత అనుకున్నాను ఇన్నాళ్లూ. సగటు కట్టే పద్ధతి.

ఇక పవర్ క్వెరీ. 2016 నుంచి ఎక్సెల్‌లోనే భాగమైన ఈ సాధనం ఫైళ్ల నుంచి, ఫోల్డర్ల నుంచి, డేటాబేసుల నుంచి డేటాను తానే తెచ్చి పెడుతుంది. గొప్పదే, కాకపోతే నోరు పెద్దది. ఒక సోమవారం ఉదయం, సమావేశానికి ఇరవై నిమిషాల ముందు, కొత్త డేటా కోసం రిఫ్రెష్ నొక్కాను. 'డేటాసోర్స్ ఎర్రర్, ఫైలు దొరకలేదు' అంది. ఎక్కడ వెతికిందో కూడా పూసగుచ్చినట్టు చూపించింది: సీ డ్రైవు, అందులో ఒక ఉద్యోగి పేరుతో ఫోల్డరు, అందులో డౌన్‌లోడ్స్, అందులో 'అమ్మకాలు ఫైనల్ కొత్తది 2'. ఆ ఉద్యోగి మానేసి ఏడాది దాటింది. కంపెనీ ఆధారపడిన మూలాధారం ఆయన డౌన్‌లోడ్స్‌లో ఉండేదన్న రహస్యాన్ని ఇలా ఎర్ర అక్షరాల్లో చాటడం పద్ధతేనా?

అయితే పవర్ క్వెరీలో ఒక దయాగుణం ఉంది. రిఫ్రెష్ విఫలమైనా, షీటులో అంతకుముందు చేరిన పట్టిక చెక్కుచెదరదు. సందేశాన్ని మూసేస్తే చాలు, పాత నెల అంకెలు కొత్త నెల శీర్షిక కింద బుద్ధిగా కూర్చుని ఉంటాయి. ఆ రోజు సమావేశంలో 'అమ్మకాలు నిలకడగా ఉన్నాయి' అని చెప్పాను. అబద్ధమని ఎవరైనా అనగలరా? అంతకంటే నిలకడ ఇంకెక్కడ ఉంటుంది?

ఫోల్డరు మొత్తాన్ని చదివే క్వెరీ, అంటే డేటా తెచ్చే ఆదేశాల వరస, మరీ సుకుమారం. పక్క గదిలో ఒకాయన అందులోని ఫైలొకటి తెరిచి పెట్టి భోజనానికి వెళ్తాడు. ఎక్సెల్ అదే పేరుకు ముందు టిల్డా (~), డాలరు ($) గుర్తులు తగిలించిన చిన్న దాపుడు ఫైలును పక్కనే పుట్టిస్తుంది. క్వెరీ దాన్నీ డేటా అనుకుని తెరవబోయి బోర్లా పడుతుంది. ఆ గుర్తులతో మొదలయ్యే పేర్లను ముందే వడగట్టవచ్చు. నేను చేసే వైద్యం 'రిమూవ్ ఎర్రర్స్'. ఒక గడిలో తేదీ చదవలేకపోతే ఆ అడ్డ వరస మొత్తాన్నే ఎత్తిపారేస్తుంది, తేదీతోపాటు పేరూ, మొత్తమూ అన్నీ. ఎర్రర్లు మిగలవు. అంకెలు కూడా కాస్త తగ్గుతాయి కానీ, చూడటానికి శుభ్రంగా ఉంటుంది.

అసలు ఎర్రర్ అనే మాటే రాకుండా పనులు జరిగిపోయిన ఘనమైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ దేశాల అప్పులూ ఆర్థికాభివృద్ధీ మీద రాసిన పత్రంలో సగటు ఫార్ములా 49వ వరస దాకా వెళ్లవలసింది 44 దగ్గర ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకి రాలేదు. ఎక్సెల్ కిమ్మనలేదు. 2013లో ఒక విద్యార్థి ఆ ఫైలు అడిగి తెచ్చుకుని చూసేదాకా పట్టుకున్నవారు లేరు. 2020లో ఇంగ్లాండులో పాత ఎక్స్ఎల్ఎస్ ఫైలులో 65,536 వరసలు నిండాక మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయి, 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కకు అందలేదు. ఆ రోగులను కలిసినవారిని వెతకడం ఆలస్యమైంది. ఇక్కడ వ్యంగ్యానికి నాకు చోటు దొరకడం లేదు, ముందుకు పోదాం.

మా ఆఫీసులో ఒక చాదస్తుడు ఉండేవాడు. ఎర్రర్లను తీసేయడు, ఇంకో క్వెరీలో విడిగా పోగేసి ఏ ఫైలులో ఏ వరసలో వచ్చిందో రాసి పెడతాడు. ఫైలు దారిని ఒకే ఒక గడిలో ఉంచి అన్ని క్వెరీలనూ అక్కడి నుంచే చదివిస్తాడు. పవర్ క్వెరీ నడిచే ఎమ్ భాషలో, తప్పు రావచ్చన్న చోట ట్రై అని రాస్తే, పక్కన 'అదర్‌వైజ్ సున్నా', అంటే తప్పొస్తే సున్నా చూపు, అనడం నాబోటివాళ్ల పద్ధతి. ఆయన ఆ అదర్‌వైజ్ వదిలేసి, ట్రై ఇచ్చే రికార్డును, అంటే ఫలితం వివరాల చిట్టాను, విప్పి, తప్పు ఏమిటో చదివేవాడు. చదివి ఊరుకుంటే సరిపోయేది, రిపోర్టు నెత్తి మీద ఒక వరస రాసేవాడు: రావలసిన ఫైళ్లు 12, వచ్చినవి 11.

"ఈ పదకొండు ఏమిటయ్యా?" అని మేనేజరు అడిగారు.

"పన్నెండోది రాలేదండీ."

"మిగతావాళ్ల రిపోర్టుల్లో ఇలాంటివి ఎప్పుడూ చూడలేదే?"

ఆ రిపోర్టు ఇప్పుడు నా చేతికి వచ్చింది. అర నిమిషంలో బాగుచేశాను. పై వరస ఇప్పుడు ముచ్చటగా ఉంది: రావలసిన ఫైళ్లు 11, వచ్చినవి 11.