‘మీకేమీ మారదు’ గారికి

మహారాజశ్రీ ‘మీకేమీ మారదు’ వాక్యం గారికి డేటాబేస్ వాడుకదారులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పెద్ద కంపెనీ చిన్న డేటాబేస్ స్టార్టప్‌ని కొన్నప్పుడల్లా ప్రకటనలో తమరు దర్శనమిస్తుంటారు. 2015 మార్చిలో ఆపిల్ ఫౌండేషన్‌డీబీని కొన్నప్పుడు మాత్రం తమరికి పని పడలేదు. డౌన్‌లోడ్లు అప్పటికప్పుడే బంద్. ఆపిల్‌కి కావలసింది కస్టమర్లు కాదు, మధ్యలో మిషన్లు చచ్చినా ట్రాన్సాక్షన్ (జరిగితే మొత్తం జరగాలి, లేదంటే అసలు జరగకూడదు అనే లావాదేవీ) చెడని ఇంజిన్. అలాంటిది రాయడం ఒక ఎత్తు, పరీక్షించడం పది ఎత్తులు. ఫౌండేషన్‌డీబీ వాళ్లు క్లస్టర్ (కలిసి పనిచేసే మిషన్ల గుంపు) మొత్తాన్నీ ఒకే ప్రాసెస్‌లో ఉత్తుత్తిగా నడిపి, డిస్కులు పాడుచేసి, నెట్‌వర్క్ తెంపి, బయటపడిన బగ్గును అదే సీడ్‌తో (ఆ ఉత్తుత్తి ఆట మొదలయ్యే అంకెతో) మళ్లీ రప్పించేవారు. ఆ సరంజామా కూడడానికి ఏళ్లు పడుతుంది. ఏళ్లు అంగట్లో దొరకవు, స్టార్టప్పులు దొరుకుతాయి. 2018 ఏప్రిల్‌లో ఆ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేశారు లెండి. ఈలోపు కొందరు వాడుకదారులు దానికి మూడు తద్దినాలు పెట్టేశారు.

ఒరాకిల్ లెక్క వేరు. 2005లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ని ముట్టుకోకుండా, దాని కింద ట్రాన్సాక్షన్లు నడిపే ఇన్నోడీబీ సొంతదారు ఇన్నోబేస్‌ని కొంది. ఇల్లు పొరుగువాడిదే, బావి మాత్రం మనది. తర్వాత మైఎస్‌క్యూఎల్‌ని సన్ కంపెనీ కొంది; 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొనేసరికి ఇల్లూ చేతికొచ్చింది.

2024 జూన్‌లో ఓపెన్‌ఏఐ రాక్‌సెట్ అనే డేటాబేస్ కంపెనీని కొంది. నెలవారీ కస్టమర్లు సెప్టెంబరు నెలాఖరుకల్లా ఖాళీ చేయాలన్నారు. అద్దె ఇంటివాళ్లక్కూడా కాస్త ఎక్కువ గడువిస్తారేమో!

2025 మేలో డేటాబ్రిక్స్ సుమారు 100 కోట్ల డాలర్లకు నియాన్ కొనుగోలు ప్రకటించింది. అప్పటికే అక్కడ కొత్త డేటాబేస్‌లలో 80 శాతానికి పైగా సృష్టించినది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లేనట. అంటే తమరి హామీ వినడానికి కూడా మనిషి అక్కర్లేదన్నమాట.

నియాన్ లోపల ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ కాబట్టి మూట సర్దుకునే దారి ఉంది. లాజికల్ రెప్లికేషన్ (మార్పులను ఇంకో డేటాబేస్‌కి పంపే ఏర్పాటు) ఆన్ చేసి, పాతచోట పంపే పబ్లికేషన్, కొత్తచోట అందుకునే సబ్‌స్క్రిప్షన్ పెట్టాలి. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) దానంతటది రాదు, ముందే విడిగా ఎక్కించాలి. ప్రైమరీ కీ (ప్రతి వరుసనీ విడిగా గుర్తుపట్టే విలువ) లేని టేబుల్‌కి, వరుసను ఎలా పోల్చాలో చెప్పే రెప్లికా ఐడెంటిటీ పెట్టకపోతే అప్‌డేట్లు పాతచోటే ఎర్రర్ కొడతాయి. చాలామంది బోల్తాపడేది సీక్వెన్సుల (కొత్త వరుసలకు నంబర్లిచ్చే కౌంటర్ల) దగ్గర: వరుసలన్నీ వస్తాయి, కౌంటర్ మాత్రం 1 దగ్గరే కూర్చుంటుంది. మారిన రాత్రి మొదటి ఇన్సర్ట్‌కే డూప్లికేట్ కీ. ట్రాఫిక్ మళ్లించేముందే కౌంటర్‌ని సెట్‌వాల్ అనే ఫంక్షన్‌తో ముందుకు జరపాలి.

తమరు కనబడ్డ రోజే ఈ పని మొదలుపెడుతున్నాం. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
డంపు (డేటా కాపీ) తీసి దాచుకున్న వాడుకదారులు