గైడ్‌ని ముందు ఎలా కలవాలి: మెయిలా, ముఖాముఖా?

పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కునే ఎమ్మెస్సీ విద్యార్థి ముందు మెయిల్ పెట్టాలా, నేరుగా వెళ్లి కలవాలా? విజయవాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌కీ, గుంటూరు వైపు యూనివర్సిటీలో రీసెర్చ్ గైడ్‌గా ఉన్న మేడమ్‌కీ మధ్య నడిచిన వాదం ఇది.

లెక్చరర్: మేడమ్, మా పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మెయిల్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోవద్దు. గుంటూరు బస్సెక్కి, యూనివర్సిటీ గేటు దగ్గర దిగి, డిపార్ట్‌మెంటుకెళ్లి మనిషిని కలవండి అంటాను. పది మెయిళ్లు పెట్టినా ఒక్క జవాబు రాకపోతే వాళ్లకు పరిశోధన మీదే ఆశ పోతోంది.

గైడ్: జవాబు ఎందుకు రావడం లేదో చూడండి మాస్టారూ. ‘రెస్పెక్టెడ్ సర్, మీ పరిశోధన నాకెంతో నచ్చింది, అవకాశం ఇవ్వండి.’ ఆడవాళ్లకైనా సర్ అనే. పైన చూస్తే ఒకే మెయిల్ నలభై మందికి వెళ్లినట్టు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని ఫిజిక్సు వాళ్లకు పంపినా సరిగ్గా అతుకుతుంది. అలాంటిదానికి ఏమని జవాబివ్వాలి?

లెక్చరర్: ఇంగ్లీషు రాయలేనివాళ్ల సంగతి? తెలుగు మీడియంలో చదువుకుని, ల్యాబ్‌లో చెయ్యి చక్కగా తిరిగిన అమ్మాయి మీ మెయిల్ దగ్గరే ఆగిపోతుంది. అదే ఎదురుగా కూర్చుని రీక్రిస్టలైజేషన్ (పదార్థాన్ని స్ఫటికాలుగా మార్చి శుద్ధి చేయడం) ఎలా చేసిందో చెబితే, రెండు నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది.

గైడ్: ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫరవాలేదు, నా పేపర్ ఒక్కటైనా చదివిందా అని చూస్తాను. మచ్చుకు, ఒక పేపర్‌లో కాటలిస్టును, అంటే చర్యను వేగంగా నడిపించే పదార్థాన్ని, ఐదుసార్లు తిరిగి వాడామని రాశామనుకోండి. నాలుగోసారికి దిగుబడి పడిపోయిందని పట్టికలో ఉంది. ‘మేడమ్, లోహం ద్రావణంలోకి జారిపోయిందా, లేక రంధ్రాలు మూసుకుపోయాయా? వేడిగా ఉండగానే వడగట్టి, ఆ ద్రావణంలో చర్య ఇంకా సాగుతోందేమో చూశారా?’ అని అడిగితే చాలు. వ్యాకరణం తప్పులున్నా ఆ అమ్మాయిని పిలుస్తాను. మెయిల్ నూట యాభై, రెండు వందల మాటలు దాటక్కర్లేదు. సబ్జెక్ట్ లైన్‌లో ‘పీహెచ్‌డీ ఖాళీ గురించి, ఎమ్మెస్సీ ఆర్గానిక్, నెట్ అర్హత పరీక్ష పాస్’ అన్నంత సూటిగా ఉండాలి. రెండు పేజీల సీవీ పీడీఎఫ్‌లో, ఫైలుకు తన పేరు పెట్టి పంపాలి. పదో తరగతి నుంచి సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి జతచేయొద్దు.

లెక్చరర్: అంత చక్కటి మెయిల్ కూడా స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో అడుగున పడిపోతుంది కదా?

గైడ్: పడిపోతుంది, కాదనను. పది రోజులాగి, అదే మెయిల్‌కు కొనసాగింపుగా ఒక్కసారి గుర్తుచేయాలి. అప్పటికీ పలకకపోతే ఇంకొకరిని చూసుకోవడమే. వాట్సాప్‌లో వెంటపడొద్దు. అసలు మెయిల్‌కన్నా ముందు చూసుకోవాల్సింది ఖాళీ. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్‌కి 8 మంది స్కాలర్లు (పరిశోధక విద్యార్థులు), అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4 మించకూడదు. రిటైర్మెంట్ మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లను తీసుకోవడానికే లేదు. ఎంత బాగా రాసినా, ఎంత దూరం నుంచి వచ్చినా, ఖాళీ లేనిచోట ఎవరూ ఏమీ చేయలేరు.

లెక్చరర్: ఆ లెక్క వెబ్‌సైట్లో సరిగా ఉండదు మేడమ్, నా వాదన అక్కడే! వెళ్లి స్కాలర్లను అడిగితే ఎవరు ఎప్పుడు థీసిస్ సబ్మిట్ చేస్తున్నారో ఉన్నదున్నట్టు చెబుతారు. థీసిస్ ఇచ్చే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కూ, చివర్లో జరిగే మౌఖిక పరీక్ష వైవాకూ విద్యార్థులెవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. గైడ్ తన స్కాలర్‌కు అండగా నిలబడుతున్నారా, అందరి ముందూ చిన్నబుచ్చుతున్నారా? ఏ మెయిల్ చెబుతుంది ఇది? పైగా ఒక వైవా అయిందంటే ఒక సీటు ఖాళీ అయినట్టే.

గైడ్: వైవాకు రమ్మనడం మంచి మాట, ఒప్పుకుంటాను. దానికి తోడు దేశంలోని థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్లో ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లు చూడాలి. రిజిస్ట్రేషన్ ఎప్పుడు, పూర్తయిందెప్పుడు అన్న తేదీలు చాలావాటికి ఉంటాయి. అందరికీ ఆరేళ్లు పట్టిందంటే కారణం స్కాలర్లనే అడగాలి. నాకు ఇబ్బంది కలిగేది చెప్పాపెట్టకుండా, నాన్ననో బాబాయినో వెంటబెట్టుకుని రావడం. వాళ్ల ముందు లేదనలేక ‘చూద్దాంలెండి’ అంటాం. పిల్ల దాన్ని మాట ఇచ్చినట్టు అనుకుని వేరే ప్రయత్నాలు మానేస్తుంది. గైడ్ సరేనన్నా సీటు వచ్చినట్టు కాదు. నెట్టో, ఏపీలో పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష అయిన ఏపీఆర్‌సెట్టో, ఆపైన ఇంటర్వ్యూ దాటాలి.

లెక్చరర్: మరి డబ్బు సంగతి? మొదటి మాటలోనే ఫెలోషిప్ అడిగితే బాగుండదని మావాళ్లు నోరెత్తరు.

గైడ్: ఎత్తాలి మాస్టారూ! జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే నెలకు 37,000 వస్తుంది. లేనివాళ్లు చేరాక ఏడాదికి చేతిలో పైసా లేక మానేస్తున్నారు. జేఆర్‌ఎఫ్ ఉందో లేదో మొదటి మెయిల్‌లోనే రాయాలి. లేకపోతే ‘ప్రాజెక్టులో ఖాళీ ఉందా’ అని సూటిగా అడగాలి.

లెక్చరర్: మొదటి మెయిల్‌లో వద్దనే నేనంటాను. కలిసినప్పుడు అడగనివ్వండి, కాగితం మీద అది బేరంలా కనబడుతుంది.

గైడ్: నాకలా కనబడదు. మీరు చేయగలిగింది ఇంకొకటుంది. ‘మంచి అమ్మాయి’ అని ఫోన్ చేయకుండా, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆమె స్వయంగా ఏం చేసింది, ఎక్కడ తడబడింది, ఎలా సరిదిద్దుకుంది, నాలుగు వాక్యాలు రాసి పంపండి.

లెక్చరర్: రాస్తాను. తెలుగులో రాయొచ్చా?

గైడ్: రాయండి. ఆ అమ్మాయి మెయిల్ వచ్చిన రోజే మీదీ వస్తే రెండూ కలిపి చదువుతాను.