మూడోసారి వచ్చిన రోగి

నడుం నొప్పితో పందొమ్మిదేళ్ల కుర్రాడు ఓపీలో కూర్చుంటే మొదట వినపడే మాట, ‘ఈ వయసులో నీకు నొప్పులేంట్రా?’ ఆడపిల్లయితే, ‘టెన్షన్ పెట్టుకోకమ్మా, టైముకి తిను’. ఒక విటమిన్ మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, నొప్పికి అయిదు రోజుల మందు రాసిస్తారు. నెల తిరక్కముందే ఆ పిల్లలు మరో ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఇలా తిరిగి తిరిగి, చెన్నైకో రాయవేలూరుకో పోయాకగానీ జబ్బు పేరు తెలియకపోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు కొత్తేమీ కాదు.

డాక్టర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. మన దేశంలో ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దక్కే సమయం సుమారు రెండు నిమిషాలేనని 2017లో ‘బీఎంజే ఓపెన్’ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. స్వీడన్‌లో అది 22 నిమిషాల పైమాటే. రెండు నిమిషాల్లో వయసు చూసి అంచనాకు వస్తారు. కుర్రవాళ్ల నొప్పులు చాలావరకు వాటంతటవే తగ్గేవి కాబట్టి ఆ అంచనా ఎక్కువసార్లు నిజమే అవుతుంది. చిక్కంతా తగ్గనివాళ్లతోనే.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాపు జబ్బు సాధారణంగా 45 ఏళ్లలోపే, చాలామందిలో ఇరవైల్లోనే మొదలవుతుంది. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోతుంది. కాసేపు తిరిగితే వదులుతుంది, పడుకుంటే మళ్లీ పట్టేస్తుంది. బరువులెత్తి తెచ్చుకున్న నొప్పి తీరు దీనికి పూర్తిగా వేరు. ఎక్స్‌రేలో తేడా కనపడడానికి ఏళ్లు పట్టొచ్చు. ‘ఎక్స్‌రే నార్మలే, బైకు తగ్గించు’ అని పంపేస్తే, ఆ ఏళ్లన్నీ లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది. ‘పొద్దునపూట ఎలా ఉంటుంది?’ అని అడగడానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో ఇలాంటి ప్రశ్నలు అడగకపోవడం మరీ విడ్డూరం. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదటిసారి 1937లో వైద్య పత్రికకెక్కించింది ఇక్కడి రోగుల బాధే. కనిగిరి, పొదిలి అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఎద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని డాక్టర్లకంటే ముందు రైతులే గమనించారు. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ఈ జబ్బు తొలిదశలోనూ కీళ్ల నొప్పులు, బిగుతు ఎక్స్‌రే కంటే ముందే మొదలవుతాయి. అయినా మోకాళ్లు పట్టేస్తున్నాయన్న కుర్రాణ్ని ‘ఏ బోరు నీళ్లు తాగుతున్నారు?’ అని అడిగే ఓపీలు ఎన్ని? డాక్టరు వినకపోతే ఆర్ఎంపీ వింటాడు. ఆయన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో వారం రోజులు హాయిగా ఉంటుంది. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయని అక్కడ చెప్పేవారుండరు.

ఆడపిల్లల కథ ఇంకా దారుణం. నెలసరి నొప్పికి కాలేజీ మానేసి ముడుచుకుని పడుకునే అమ్మాయికి హాస్టల్ వార్డెన్ ‘నాటకాలు’ అని పేరు పెడుతుంది. ఇంట్లో పెద్దమ్మ ‘మేం పడలేదా’ అంటుంది. డాక్టరు కూడా ‘పెళ్లయితే సర్దుకుంటుంది’ అంటే ఆ పిల్ల ఇంకెవరికి చెప్పుకోవాలి? గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ సంతానవయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మామూలు స్కానింగ్‌లో అది కనపడకపోవచ్చు. పెళ్లి దానికి మందు కాదు. పైగా సంబంధాలు చూస్తున్న ఇళ్లలో డాక్టరు రాసిన చీటీలు చింపేస్తారు. ఊళ్లో తెలిస్తే ఎలాగన్న భయంతో దూరంలో ఉన్న డాక్టరుకు చూపిస్తారు, అక్కడ తగ్గకపోతే ఇంకో దూరానికి పోతారు. తల్లిదండ్రుల ఆదుర్దా మాకు అర్థమవుతుంది. కానీ చింపేసిన చీటీతోపాటే ‘ఇది రెండేళ్లుగా తగ్గడం లేదు’ అనే సాక్ష్యమూ పోతోంది.

ఇక ‘టెన్షన్’. ఆందోళన, కుంగుబాటు నిజమైన జబ్బులే, వాటికీ వైద్యం ఉంది. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. అయితే టెన్షన్ అని తేల్చిన డాక్టరు మానసిక వైద్యుడికి చీటీ రాస్తారా అంటే అదీ అరుదే.

బ్రిటన్‌లో 27 ఏళ్ల ఇంజినీరు జెస్ బ్రాడీ అయిదారు నెలల్లో ఇరవై సార్లకు పైగా తన వైద్య కేంద్రాన్ని సంప్రదించినా క్యాన్సర్ సంగతి ఎవరూ సకాలంలో కనిపెట్టలేదు. 2020 డిసెంబరులో ఆమె చనిపోయింది. తల్లిదండ్రుల పోరాటంతో 2025లో అక్కడ ‘జెస్ రూల్’ వచ్చింది. అదే బాధతో, లేదా ముదిరిన బాధతో మూడోసారి వస్తే డాక్టరు తన మొదటి అంచనాను పక్కనపెట్టి మళ్లీ మొదట్నుంచి చూడాలి. అవసరమైతే పరీక్షలు రాయాలి, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి.

ఆ నియమం మన జిల్లాలకూ కావాలని మా అభిప్రాయం. కానీ ఉన్నదున్నట్టు తెస్తే ఇక్కడ పనిచేయదు. మన రోగి మూడుసార్లు ఒకే డాక్టరు దగ్గరికి పోడు, ముగ్గురు డాక్టర్ల దగ్గరికి పోతాడు. ఎవరి ముందు కూర్చున్నా అది మొదటిసారే. కాబట్టి ముందు కావాల్సింది, ఏ డాక్టరు దగ్గరికి పోయినా రోగి వెంట ఉండే జబ్బు వివరాల పుస్తకం. గర్భిణికి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తాం. ఆశా కార్యకర్త నుంచి కాన్పు చేసే డాక్టరు దాకా అందరూ దాన్నే చూస్తారు, ఇంట్లో బియ్యం కార్డుతోపాటు దాచుకుంటారు. నెలల తరబడి తగ్గని జబ్బుతో తిరిగే కుర్రవాళ్లకు అలాంటిదేదీ లేదు. పిల్లల కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షలు 18 ఏళ్లతో ఆగిపోతాయి, ఈ జబ్బుల్లో చాలావరకు ఆ తర్వాతే ముదురుతాయి.

ప్రభుత్వ పుస్తకం వచ్చేదాకా ఒక నోటుబుక్కు సరిపోతుంది. బాధ ఎప్పుడు మొదలైంది, ఏ వేళప్పుడు పెరుగుతుంది, ఏ మందుకు తగ్గలేదు అని తేదీలతో రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. ‘ఇది కాకపోతే ఇంకేమై ఉండొచ్చు సార్?’ అని అడగండి, అది ఎదురు చెప్పడం కాదు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలే చెబుతున్నాయి.

నెల్లూరు, ఒంగోలు సర్వజనాసుపత్రుల్లో వారానికో పూట, మూడుసార్లు తిరిగినా తగ్గని యువత కోసం విడిగా ఓపీ నడపాలి. జనరల్ మెడిసిన్, ఎముకలు, స్త్రీల వైద్యం, మానసిక వైద్యం చూసేవాళ్లు ఆ పూట ఒకేచోట కూర్చోవాలి. ఈ విభాగాలు రెండు చోట్లా ఇప్పటికే ఉన్నాయి. కొత్త భవనం అక్కర్లేదు, గది కేటాయిస్తే చాలు. ఆసుపత్రుల అభివృద్ధి సొసైటీలు వచ్చే సమావేశంలోనే దీన్ని అజెండాలో పెట్టాలి. పుస్తకాల అచ్చు ఖర్చును కూడా ఆ సొసైటీ నిధుల నుంచే ఇవ్వాలి.