మొటిమల గుంటలు వారంలో పూడవు

ఈ నెలలో ఇదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. గుంటలకు లేజర్ దండగ, చర్మం నల్లబడుతుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దండి, రోజూ ఇంట్లోనే సన్న సూదులున్న డెర్మారోలర్ ముఖం మీద తిప్పండి, నీళ్లు బాగా తాగండి, ఏడు రోజుల్లో మొటిమల గుంటలు మాయం అని. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. అయినా ఇక ఊరుకోలేను.

నీళ్లు తాగండి, మంచిదే. దానివల్ల గుంట పూడదు.

మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ వేరు, గుంట వేరు. సన్‌స్క్రీన్ మానకుండా రాస్తూ అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటి పూతమందులు వాడితే మచ్చ నెలల మీద తేలికపడుతుంది. గుంట అంటే లోపల కొలాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా నిలిపే ప్రొటీన్, పోయిన చోటు. ట్రీట్‌మెంట్ తీసుకున్నా కొత్త కొలాజెన్ పట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏడు రోజులని ఏ ధైర్యంతో రాశారు?

పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, వంటసోడాది 8 పైన, చర్మానిది 5 దగ్గర. రెండూ చర్మానికి సరిపడవు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కుతాయి. అవి మానాక కొత్త నలుపు మిగులుతుంది.

నాకు ఒళ్లు మండేది రోలర్ దగ్గర. మా అక్క కూతురు ఈ మెసేజ్ నమ్మి 1.5 మిల్లీమీటర్ల సూదులున్నది తెప్పించుకుని వరసగా నాలుగు రాత్రులు తిప్పింది. ఐదో రోజు పొద్దున చూస్తే చెంప మీద ఆవగింజంత పక్కులు వరసలు కట్టి ఉన్నాయి, రెండు చోట్ల చీము. మొటిమలు ఇంకా పచ్చిగా ఉన్న ముఖం మీద సూదులు తిప్పమని ఎలా చెప్తారు? డాక్టర్లూ సూదులతోనే గుచ్చుతారు, కాదనను. కానీ మొటిమలు అదుపులోకి వచ్చాక, మత్తు క్రీమ్ రాసి, స్టెరైల్ సూదులతో, ఒక్కో సిట్టింగ్‌కీ మధ్య కనీసం నాలుగు వారాలు ఆగి చేస్తారు. రోజూ గుచ్చితే పుండు మానేదెప్పుడు?

లేజర్ వల్ల నలుపు రావచ్చన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. చామనఛాయ, నల్లని చర్మానికి ఆ రిస్క్ ఎక్కువ. అంతమాత్రాన దండగ కాదు, గుంటను బట్టి వైద్యం మారుతుంది. సన్నగా లోతుగా దిగిన ఐస్ పిక్ గుంటల్లో గాఢమైన టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్) చుక్క పెడతారు. వేలితో చర్మం సాగదీస్తే కనిపించకుండా పోయే వెడల్పు గుంటలకు కింద పట్టి లాగే పోగులను సూదితో తెంచుతారు, దాన్నే సబ్‌సిషన్ అంటారు. ఉబ్బెత్తు మచ్చలకైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఏది చేసినా గుంటలు తేలిక అవుతాయి, చర్మం మునుపటిలా నున్నగా అయిపోదు.

మా పిల్లకి డాక్టర్ ముందు మొటిమలకే మందులు ఇచ్చారు. గుంటల సంగతి అవి తగ్గాక చూద్దామన్నారు. ఆ రోలర్ నేనే తీసి పారేశాను.